చెరువులోకి గీసిన దోవ

ఇన్నేళ్లుగా నేను రాసిన ఒక్క ఫిర్యాదుకూ జవాబు రాలేదు. ముందు ఈ మాట చెప్పుకోనివ్వండి. మిగతాది తర్వాత.

నెట్ లేకుండా దోవ చూపించే మ్యాపు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. పాత ఫోన్లలో కూడా చక్కగా పనిచేసేది. దాన్ని తయారుచేసిన వాళ్లకు ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తు లేదు. పెనుకొండ దాటాక ధర్మవరం వైపు పోయే ఒక పల్లెదారిలో మీ మ్యాపు బండ్లను చెరువులోకి దింపుతోంది, సరిచేయండి అని. పాత ఫోన్ల సంగతి మేమిక చూడడం లేదని యంత్రం పంపే ముక్క తప్ప, మనిషన్నవాడు రాసిన మాట ఒక్కటి లేదు. పాత ఫోను వాడేవాడు మనిషి కాదా?

ఆ ఫిర్యాదులన్నిటిలోనూ నేనొక మాట దాచాను. ఆ దోవ గీసింది నేనే.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.  

హిందూపురంలో బస్టాండుకు దగ్గర సందులో నాకు సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది. ఆ మ్యాపులో మన పక్క దారులు సగానికి సగం ఉండేవి కావు. కంప్యూటర్లో మనమే గీసుకుని, మ్యాపులో కలిపి, మెమరీ కార్డులోకి ఎక్కించే వీలుండేది. నేను ఓపిగ్గా గీశాను. రొళ్ల పక్క, మడకశిర పక్క, బత్తలపల్లి దాకా. కొత్త ఫోను కొనలేని డ్రైవర్లు నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ దారులన్నీ కంపెనీ గీసినవే అనుకునేవాళ్లు. ఆ పని నేను బాగా చేశాను. ఈ ఒక్క విషయంలో నన్నెవరూ తప్పు పట్టలేరు. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చున్నవాడిని కూడా పొగడ్త కోసం తడుముకుంటున్నాను.

నేను మాటలు మరిచిపోయే మనిషిని కాను. పెళ్లి బంతిలో నా విస్తరి దాటిపోయిన వడ్డన కూడా నాకు గుర్తుంటుంది. ఈరన్న అన్న మాట ఎట్లా మరిచిపోతాను?

నేను చెప్పిన ఆ పల్లెదారి ఒక చెరువు కట్ట మీదుగా పోతుంది. కట్ట దిగగానే ఈరన్న హోటలు. అక్కడ దారి చీలుతుంది, బోర్డు ఉండదు. కొత్త డ్రైవరు ఎవరైనా సరే బండి ఆపి అడగాల్సిందే. అడిగినవాడు ఊరికే పోడు, కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటాడు, టీ తాగుతాడు. ఈరన్న దారి చెప్పడమే కాదు, ముందు వంక పొంగిందా, యాడ గుంత పడింది, అన్నీ చెప్పి పంపుతాడు. ఒకసారి నేను అక్కడ కూర్చుని, ఒక లారీ డ్రైవరుకు మ్యాపు గురించి చెబుతున్నాను. ఇక ఎవరినీ అడిగే పని లేదన్నాను. ఈరన్న బాణలి దగ్గరి నుంచి అందరూ వినేటట్లు అన్నాడు.

"ఏమప్పా, నీ డబ్బా దోవ చెప్తాది సరే, ఉగ్గాని గూడా పెడతాదా? పెట్టేటట్లుంటే చెప్పు, హోటలు మూసేసి నేనూ ఒకటి కొంటా."

బెంచీల మీదున్న వాళ్లంతా నవ్వారు. నేను ఎవరికి చెబుతున్నానో ఆ డ్రైవరు కూడా నవ్వాడు. అంతే. ఇంతకన్నా ఏమీ జరగలేదు. రాస్తుంటే నాకే చిన్నదిగా కనబడుతోంది. కానీ ఆరోజు ఉగ్గాని వదిలేసి లేచి వచ్చాను.

మా పక్క చెరువంటే నీళ్లుండే చోటని ఎవరికీ తోచదు. కంపచెట్లు మొలిచే పల్లం, అంతే. కట్ట చుట్టూ తిరగడమెందుకని ట్రాక్టర్లు, బైకులు చెరువు నడి మధ్యన అడ్డంగా పోయేవి. అట్లా పడిన బండిబాటను నేను మ్యాపులో గీశాను. మట్టిబాట అని గుర్తు పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని ఎంచుకోదు. తారురోడ్డని పెట్టాను. అప్పటినుంచి బాణం గుర్తు కట్ట ఎక్కడం మానేసింది. ఈరన్న హోటలు ముఖం చూడకుండా బండ్లు అటునుంచి అటే చెరువు దాటి పోయేవి. పని కల్పించుకుని ఒకసారి ఆ దారిన పోయి, ఖాళీ బెంచీలు చూసి వచ్చాను. ఆరోజు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇంతవరకే అయితే బహుశా ఈ కాగితం రాసేవాణ్ణి కాదు.

ఆ ఏడు కాలువ నీళ్లు చెరువులకు వదిలారు. పైన వానలు. ఆ ఊరామె ఒకావిడ ఫోను అద్దం వేయించుకోవడానికి వచ్చి, మా చెరువుకు నీళ్లొచ్చినాయి, ఆడోళ్లంతా పోయి గంగమ్మకు పూజ చేసినాం అని సంబరంగా చెప్పింది. విన్నాను. నాకు తెలియదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు.

తర్వాత కొన్నాళ్లకే ఓబులేసు వచ్చాడు. రొళ్ల అతను. చిన్న గూడ్సు బండి నడిపేవాడు. హిందూపురం నుంచి ధర్మవరం మగ్గాలకు పట్టునూలు చేర్చే బాడుగ కొత్తగా దొరికింది. ఆ కొండల చాటున సిగ్నల్ ఉండదని మ్యాపు ఎక్కించమన్నాడు. కార్డు పెట్టాను. మ్యాపు నా కళ్ల ముందు తెరుచుకుంది. చెరువులో అడ్డంగా నా గీత. చెరపడం నాకు క్షణాల పని. చెరిపితే బాణం మళ్లీ కట్ట ఎక్కి ఈరన్న ముందు ఆగుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నానని రాయబోయాను. అదీ అబద్ధమే. రేపటి సంగతి నేను అనుకోనే లేదు. నాకు ఆ నవ్వులే వినబడ్డాయి. అట్లాగే ఎక్కించి ఇచ్చాను.

ముసురు పట్టిన ఒక సాయంత్రం ఓబులేసు చెరువులోకి దిగాడు. కంపచెట్ల మధ్య గడ్డి మునిగేంత నీళ్లే కదా అని నమ్మి ముందుకు పోయాడు. ఫోను తారురోడ్డు అంటోంది మరి. నడుమ బురదలో చక్రం కూరుకుపోయింది. దిగి చక్రం కింద రాయి పెడుతుంటే బండి ఒరిగి పాదం మీదికి వచ్చింది. కేకలు విని మోకులు తీసుకుని పరుగెత్తింది, మనుషులను పిలిచింది, ఆసుపత్రికి చేర్చింది ఈరన్న. ఓబులేసు బతికాడు. ఆ పాదంతో క్లచ్ తొక్కలేడు. బండి అమ్మేశారు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

కొన్ని నెలలకు కర్ర పట్టుకుని నా అంగడికి వచ్చాడు.  తెలిసిపోయిందనుకున్నాను.

"అన్నా, దీంట్లో ఆ దోవ అట్లే చూపిస్తాండాది. నీళ్లలోకే పొమ్మంటాండాది. నా మాదిరి ఇంకెవురన్నా పడతారేమో. చెరిపేదానికి అయితాదా?"

"అది కంపెనీవాళ్లది. మన చేతిలో ఏముంటాదబ్బా. నేను వాళ్లకు రాస్తాలే."

"నువ్వు రాస్తే ఇంక వాళ్లను వదుల్తావా!" అని నవ్వాడు. "కరెంటాఫీసోళ్లు నిన్ను చూస్తానే కుర్చీలిడిసి పారిపోతారంట గదా." తర్వాత నవ్వు ఆపి కాలు చూసుకున్నాడు. "ఈరన్న మామ ఒకటే తిట్టడం. నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పనా, చెరువు నిండిందిరా అని. టీ తాగేదానికి నిలిపింటే కాలు దక్కిండేది. నా బుద్ధి గడ్డి తినింది."

"నీ తప్పేముందిలే" అన్నాను. 

చెరపగలనని చూపిస్తే గీసిందెవరో అడుగుతాడని, ఫోను అట్లాగే తిరిగి ఇచ్చాను. అతను రెండు చేతులూ జోడించి పోయాడు. నాకు దండం పెట్టాడు. మీకు అర్థమవుతోందా? నాకు.

ఆ వారమే ఫిర్యాదులు మొదలుపెట్టాను. వాళ్ల మ్యాపులో ఆ దోవ లేనే లేదని తెలిసే రాశాను. జవాబు రాని కొద్దీ నిజంగానే కోపం వచ్చేది. అంగడికి వచ్చినవాళ్లందరికీ చూపించి తిట్టేవాణ్ణి. వాళ్లు చూసి, ఆ దోవ మాది కాదు అని ఒక్క ముక్క రాసి ఉంటే నిజం ఆరోజే బయటపడేది. అందుకేనా అన్నిసార్లు రాశాను? ఎవరో ఒకరు నన్ను పట్టుకోవాలనా? లేక, గట్టిగా అరిచేవాడి మీద అనుమానం రాదనా? రెండూ నిజమేనేమో. తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత నా కంప్యూటర్లో గీత చెరిపేశాను. అంగడికి వచ్చిన ప్రతి కార్డులోనూ చెప్పకుండా చెరిపాను. రానివాటి సంగతి? నెట్‌తో పనిలేని మ్యాపు తనంతట తాను మారదు. పాత ఫోన్లు చేతులు మారాయి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లు కొన్నారు, గొర్రెల మందలు తోలుకుపోయేవాళ్లు కొన్నారు. కార్డులు తీసి వేరే ఫోన్లలో వేసుకున్నారు. చెరువులో ఈ ఏడు కూడా నీళ్లున్నాయి.

ఓబులేసుకు ఇది ఎవరైనా చదివి వినిపిస్తే, క్షమించమని నేను అడగడం లేదు. క్షమిస్తే ఏం చేసుకోవాలో నాకు తెలియదు. ఈరన్న అన్న మాట ఇప్పటికీ మండుతూనే ఉంది. దాన్ని మరిచిపోయానని మాత్రం రాయలేను. రాసేశాను కాబట్టి ఒక ఊపిరి బయటికి వచ్చింది. అంతవరకే.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత ఫోను ఉంటే, అందులో నెట్ లేకుండా పనిచేసే మ్యాపు ఉంటే, తెరవండి. పెనుకొండ నుంచి ధర్మవరానికి దోవ పెట్టండి. ఆ గీత ఎక్కడైనా కట్టను వదిలి చెరువులోకి దిగుతోందేమో చూడండి. దిగుతుంటే ఆ కార్డు విరిచి పారేయండి. దీన్ని అచ్చువేసిన పత్రికకు ఒక ముక్క రాయండి, నేను చూస్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు పలకనిది చాలు. మీరూ ఊరకుండిపోతే నేను ఊరుకోను. మళ్లీ రాస్తాను, మళ్లీ అడుగుతాను. మీ ఫోనులో ఆ దోవ ఉందా, లేదా? ఎవరో ఒకరు జవాబు చెప్పండి.