పాత చీర జోలె

మొన్న మంగళవారం పొద్దున పదిన్నరకి, వట్లూరులో మా మనవరాలు తన మూడు నెలల పిల్లకి జోలె కుడదామని కొత్త పాలియెస్టర్ గుడ్డ పరిచింది.

"పాత నూలు చీర చింపు. ఈ ఎండకి అదే చలవ," అన్నాను.

"పాత గుడ్డా? చూసినవాళ్ళు నవ్వుతారు అమ్మమ్మా!"

తొమ్మిదో ఏట నేనూ అలాగే అనుకున్నాను.

అది పెదపాడు దగ్గర మా ఊళ్ళో, ఏప్రిల్ నెల మధ్యలో. అమ్మ దాళ్వా వరి కోతకి కూలికి వెళ్తూ, ఐదు నెలల తమ్ముణ్ణి జోలెలో వేసి నా భుజానికి కట్టేది. ఆ జోలె ఏడేళ్ళు కట్టి, ఉతికి ఉతికి పలచబడ్డ నూలు చీర. "మీవాడికి మసిగుడ్డే దొరికిందా?" అంది పక్కింటి పిల్ల. అమ్మకి వాడంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. మర్నాడు అమ్మ వెళ్ళాక, ఆవిడ చర్చికి కట్టే ఒకే ఒక్క నైలాన్ చీర కత్తిరించి, వాణ్ణి రెండు చుట్లు చుట్టి కట్టుకున్నాను.

కట్టినప్పట్నించీ ఏడుస్తున్నవాడు పదకొండింటికి ఏడుపు మానేశాడు. నిద్రపోయాడనుకుని, కొత్త జోలె అమ్మకి చూపిద్దామని చేలోకి వెళ్ళాను.

అమ్మ చీర వంక చూడనేలేదు. "ఒసే, వీడి ఒళ్ళు కాలిపోతోందే! గాలాడుతుందనే కదే పాతది కట్టాను!" అంటూ జోలె విప్పి, కాలవ నీళ్ళతో వాడి ఒళ్ళంతా తడిపింది. సాయంత్రానికి గానీ వాడు పాలు తాగలేదు. నన్ను మాత్రం కొట్టలేదు.

పోయినవి: నైలాన్ చీరలో మూడు గజాలు, అమ్మకి ఒక పూట కోత కూలి, క్రిస్మస్‌కి ఇంకో చీర వచ్చేదాకా ఆవిడ చర్చికి వెళ్ళని ముప్పై ఆరు ఆదివారాలు.