ముందు పన్ను, తర్వాత రాయి

“అరే, మీ బొక్కల సారు పోయిండు రా. అలియాబాద్ కాడ వాగు ఒడ్డున పడిపోయిండంట. జల్దీ రా.”

మేడ్చల్‌లో మటన్ కొట్టు నడిపే చాచా ఫోన్ చేసేసరికి నేను ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను ముందున్నాను. మిషను ఆపితే సూపర్‌వైజర్ తిట్టాడు. నేనూ తిట్టి వచ్చేశాను.

గుండె ఆగిందన్నారు. కావచ్చు. అంత వయసులో ఆయన రోజూ ఎండలో ఆ ఒడ్డుకు ఎందుకు వెళ్లేవారో మాత్రం ఎవడూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సార్‌ది కోస్తా. ఎక్కడో మ్యూజియంలో పాత ఎముకలు చూసే ఉద్యోగం చేసి, రిటైరై శామీర్‌పేటలో కొత్త కాలనీలో ఉండేవారు. పరిచయం చాచా కొట్టు దగ్గరే. నేను మాంసం కోసం నిలబడితే, ఆయన ఉత్త ఎముకలు అడుగుతున్నారు.

“కుక్కను సాదుతున్నరా సార్?”

“లేదు అబ్బాయ్. కుక్కలే నాకు పని చేసిపెడుతున్నాయి.”

ఆ పనేంటో చూద్దామని ఒక ఆదివారం వెళ్లాను. తర్వాత ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. కొన్ని ఎముకల మీద మాంసాన్ని ముందు మేము రాతి పెచ్చుతో కోసి, తర్వాత వీధికుక్కలకు వేసేవాళ్లం. కొన్నిటిని ముందు కుక్కలకు వేసి, మిగిలింది లాక్కుని కోసేవాళ్లం. కడిగి ఆరబెట్టి భూతద్దం కింద పెడితే, పంటి గాటు వెడల్పుగా, గుండ్రటి అడుగుతో ఉండేది. రాతి గీత సన్నగా, లోతుగా. ఒకదాన్ని ఒకటి దాటిన చోట చూస్తే ఏది ముందు పడిందో తెలిసేది. చాచా మాత్రం, “మస్తు చదువుకున్నోళ్లు! కుక్కల నోట్లకెల్లి బొక్కలు గుంజుకుంటున్నరు” అని కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఇదంతా ఒక్క ఎముక కోసం. వాగు ఒడ్డున, గులకరాళ్ల పొర కింద సార్‌కు దొరికింది. ఏదో అడవి ఎద్దుది, రాయిలా బరువెక్కిన కాలి ఎముక. దాని మీద పెద్ద పంటి గాట్లు. వాటిని కోసుకుంటూ రాతియుగపు మనిషి పెచ్చు చేసిన రాతి గీతలు.

“అంటే మనోళ్లు వేటాడలేదా సార్? దుమ్ములగొండో ఏ మృగమో వదిలిన ఎంగిలి తిన్నరా?” నాకు నిజంగానే కోపమొచ్చింది. అప్పట్నుంచీ మనకు మిగిలిందేనా?

సార్ ఎముకను కిటికీ వెలుగులోకి తిప్పారు. “ముందు పన్ను, తర్వాత రాయి. ఎముక చెప్పేది అంతే. మిగతాది నా ఊహ. ఈ గీతలు చూడు, ఒక వరసలో లేవు. కోసినవాడి చూపు ఎముక మీద లేదు. ముందు తిన్నది ఇంకా దగ్గర్లోనే ఉంది. వీడు వెనక్కి చూస్తూ కోస్తున్నాడు.”

నేను ఎముక అందుకుని ఆ గీతల మీద వేలు నడిపాను.

“కానీ ఒక్క ఎముకతో మనిషి బతుకంతా చెప్పేస్తే అది అబద్ధం” అనేవారు. రాతి గీత ముందు, పంటి గాటు తర్వాత పడిన ఎముక ఒక్కటి దొరికినా, మాంసం దగ్గరికి మనిషి మృగం కంటే ముందే చేరాడని అనొచ్చు. అది ఆ పొరలోనే ఉంటుందని ఆయన నమ్మకం. ఆ పొరే ప్లాట్లు నింపడానికి టిప్పర్లలో పోతోంది. సార్ ఒడ్డున ఒక చిన్న జాగా చుట్టూ సున్నంతో గీత గీసి, రోజూ వెళ్లి బతిమాలేవారు.

“బాబూ, ఈ కాస్త వదిలి తవ్వండి.”

“జరుగు పెద్దమనిషీ. బొక్కల కోసం లోడు ఆపుతరా ఎవలన్న?”

ఒకరోజు నేను ఆ డ్రైవర్ కాలర్ పట్టుకున్నాను. సార్ నన్ను వెనక్కి లాగారు. “అతనూ కూలివాడే. తవ్వించేవాడు ఇక్కడికి రాడు అబ్బాయ్.”

దహనం అయిన మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్లాను. సున్నం గీత సగమే ఉంది. మిగతా సగం కింద కుప్పగా పడి ఉంది. అందులో ఒక ఎముక ముక్క. సార్ భూతద్దం జేబులోంచి తీసి చూశాను. రాతి గీత ఉంది. దాని వైపే వస్తున్న పంటి గాటూ ఉంది. ఆ రెండూ కలిసే చోటే తవ్వే మిషను బకెట్ పన్ను తగిలి, ఎముక తెల్లగా విరిగిపోయింది.

రెండో సగం ఈ కుప్పలోనే ఎక్కడో ఉండాలి. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోడుతున్నాను. వెనక మిషను స్టార్ట్ అయింది. చేతులు తోడుతూనే ఉన్నాయి. నేను వెనక్కి చూస్తున్నాను.