నదిలో పడ్డ వంటాయన

"మీరు పుస్తకాలు బాగా చదువుతారటగా" అని ఎవరైనా అంటే మా వదినకి ఒళ్ళు మండుతుంది. "చదువూ లేదు, గిదువూ లేదు. ఊరికే కాలక్షేపం" అంటుంది. ఆవిడ కాలక్షేపాలకి లెక్కలేదు. ఎవరింటికి వెళ్ళినా ఒక మొక్క కొమ్మ అడిగి తెచ్చి పాత రంగు డబ్బాలో నాటుతుంది. రేడియోలో వాతావరణం విని "అంతా అబద్ధం" అని తిట్టి, అయినా గొడుగు పట్టుకుని బయల్దేరుతుంది. శుభ్రంగా నడుస్తున్న గడియారాన్ని విప్పి, బాగుచేసి, ఆపేస్తుంది. వీటి మధ్యలో ఎక్కడో మాయలూ మంత్రాలూ రెక్కల గుర్రాలూ ఉండే లావుపాటి నవలలు. సన్నటి పుస్తకం ముట్టదు. బస్సు రెండు స్టాపులు దాటేలోగా అయిపోయేదానికి సంచీలో చోటు దండగట.

ఆ నవలల మీద వదిన అభిప్రాయాలు వింటే రాసేవాళ్ళు కలాలు పక్కన పడేస్తారు. "మొదట్లోనే ఆ రాజ్యం పటం ఎందుకే? నేనేమైనా అక్కడికి వెళ్ళాలా పెట్టాలా?" "రాజవుతాడని ముందే రాసిపెట్టి ఉంటే ఆ కుర్రాడికి ఇంత పరుగెందుకు? ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నా అవుతాడుగా!" అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు బట్టల గురించి. పదిహేడు రోజులు గుర్రాల మీద పోతారు, ఒక్కడంటే ఒక్కడు చొక్కా ఉతుక్కోడు. పక్కన చీలిక లేని గౌనుతో రాజకుమారి గుర్రం ఎలా ఎక్కిందో ఎవడూ చెప్పడు. మాది కుట్టుపని కదా, ఇలాంటివి ఇట్టే కంట్లో పడతాయి.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ఇద్దరం ఒకేచోట పనిచేస్తాం. స్కూళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు కుట్టే చోటు అది. రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, తొమ్మిది మిషన్లు. నేను కాలర్లు కుడతాను, వదిన చొక్కా చేతులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు మిషన్లన్నీ ఆపేస్తాం. ఆ గంట చేతిపనికి: బొత్తాలు, హుక్కులు, అంచులు. మోటార్ల రొద ఉండదు కాబట్టి ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు కుడుతూ వింటారు. చదివే మనిషి వాటా బొత్తాలు మిగిలినవాళ్ళం పంచుకుంటాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, వదిన చేరాక ఇంకెవరినీ చదవనివ్వలేదు. ఆవిడ చదివితే ఎంత పెద్ద యుద్ధమైనా మూడు ముక్కల్లో తేలిపోతుంది. "కొట్టుకున్నారు, గెలిచారు, పదండి ముందుకి."

ఆ ఏడాది మూడు సంపుటాల నవల ఒకటి మొదలుపెట్టింది. రాజ్యం పోగొట్టుకున్న రాజకుమారుడు, వాడి వెంట కత్తులవాళ్ళూ మంత్రగాళ్ళూ, వాళ్ళందరికీ వండిపెట్టే ఒక కుంటి ముసలి వంటాయన. మాలో అందరికన్నా పెద్దావిడకి ఆ వంటాయన తెగ నచ్చేశాడు. ముప్పయ్యేళ్ళుగా బొత్తాలే కుడుతోందని ఆవిణ్ణి మేం బొత్తాలమ్మ అంటాం. "ముసలాడు తిన్నాడా?" అని రోజూ అడిగేది. "అందరికీ పెట్టాడు సరే, ఆయన తిన్నట్టు రాశాడా లేదా?"

మొదటి సంపుటం చివర్లో వంతెన కూలింది. వంటాయన నదిలో పడ్డాడు. వదిన ఆ వాక్యం సగం చదివేసరికి బొత్తాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది. వదిన గొంతు సవరించుకుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "గరిటె వదలకుండా ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి పడ్డాడు" అంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇంటికొచ్చి ఆ పేజీ చూసిన నేను మాత్రం నోరు వెళ్ళబెట్టాను. ఆయన నిక్షేపంలా మునిగి చచ్చిపోయాడు!

"చచ్చినవాణ్ణి లేపి కూర్చోబెట్టావు కదా వదినా! ఇంకా రెండు సంపుటాలున్నాయి, వాటిల్లో ఈయన్ని ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"ఆవిడ మొహం చూశావా నువ్వు? నా వల్ల కాలేదే. ఏదో ఒకటి చూద్దాంలే."

ఆ ఏదో ఒకటి ఏడు నెలలు సాగింది. బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం ఉంటుందే, దాని ముక్కల మీద వదిన పొద్దున్నే వంటాయన సంగతులు రాసి పుస్తకంలో పెట్టుకునేది. రాజకుమారుడు రెక్కల పాముతో పోరాడుతుంటే వంటాయన ఉప్పు అయిపోయిందని పక్క ఊరికి పోయాడు. శత్రువుల సేనాధిపతికి అజీర్తి చేస్తే పథ్యం చెప్పి, ఆ చేత్తోనే సంధి కుదిర్చాడు. అందరిచేతా చొక్కాలు ఉతికించాడు. పోనుపోను కథలో వంటాయన భాగమే బాగుందని, ఈ రాసినాయనకి ఎంత తెలివో అని మావాళ్ళు మెచ్చుకునేవారు. అప్పుడు చూడాలి వదిన మొహం!

అంతలో బొత్తాలమ్మ పని మానేస్తున్నానంది. చూపు ఆనడం లేదు. ఇంటిపట్టున కూతురితో, మనవరాలితో ఉంటానంది. మావాళ్ళు కూడబలుక్కుని, చివరిరోజు ఆ మూడు సంపుటాలూ కొని కానుకగా ఇద్దామన్నారు. మనవరాలు చదివిపెడుతుంది కదా అన్నారు. వదిన చేతిలో టీ సగం ఒలికిపోయింది.

"అయిపోయాను" అంది ఇంటికొస్తూ. "ఏడు నెలలు నన్ను నమ్మింది. చూపులేని మనిషిని ఆటపట్టించాననుకుంటుంది."

"పాత అచ్చులో బతికున్నాడు, కొత్తదాంట్లో చంపేశారు అని చెప్పరాదూ?"

"నోర్ముయ్. ఇప్పటిదాకా ఆడిన అబద్ధాలు చాలవా?" అని నా మీద విరుచుకుపడింది. నాకూ ఒళ్ళు మండింది. ఆ కాగితాల్లో తప్పులన్నీ దిద్దింది నేను కాదూ? కానీ రెండు రోజులు ఆవిడ సరిగ్గా అన్నం తినకపోయేసరికి పాపం అనిపించింది.

చివరిరోజు చేతిపని గంటలో, పుస్తకాల కట్ట బల్ల మీద పెట్టగానే వదిన లేచి నిలబడింది.

"పెద్దమ్మా, నేనో తప్పు చేశాను. వంటాయన నదిలోనే పోయాడు, మొదటి పుస్తకంలోనే. తర్వాతదంతా నేను కల్పించిందే. నిన్ను ఆటపట్టించాలని కాదు..."

బొత్తాలమ్మ తాపీగా దారం కొరికి, "తెలుసు" అంది.

"తెలుసా!"

"ఆ రోజు సంతోషం పట్టలేక ఇంటికెళ్ళి మా మనవరాలికి చెప్పాను. అది బడిలోంచి ఆ పుస్తకం తెచ్చి చూసి, కాదు అమ్మమ్మా, ఆయన పోయాడు అంది. కూర్చుని ఏడ్చాను. మర్నాడు ఇక్కడికొస్తే నువ్వు ఆయనచేత ఉల్లిపాయలు తరిగిస్తున్నావు. ఇంక నేను ఆ పుస్తకం మాట ఎందుకు వినాలి?"

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే ఆపేస్తావుగా."

కానుక కట్టని ఆవిడ మెల్లగా మా వైపే నెట్టేసింది. "ఇవి మీరే ఉంచుకోండమ్మా. నాకు ఆ కాగితాలు కావాలి. నాకు సూదిబెజ్జం ఆనదు గానీ, పుస్తకంలోంచి వేలాడే అంతంత కాగితాలు కూడా ఆనవా? మా పిల్ల రోజూ గుమ్మంలోనే పట్టుకుంటుంది, ముసలాడు ఇవాళ ఏం చేశాడని."

ఎంతమంది రాజులు చచ్చినా కంట తడి పెట్టని మా వదిన, కుడుతున్న ఆసుపత్రి కోటుతోనే కళ్ళు తుడుచుకుంది. సంచీలోంచి కాగితాలన్నీ తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

బొత్తాలమ్మ ఆ కట్టని ఒళ్ళో పెట్టుకుని, అంతలోనే అనుమానంగా తల ఎత్తింది. "ఇందులో చివరిదాకా లేదు కదూ? కొంపదీసి, చివర్లో ముసలాణ్ణి చంపేయవు కదా?"

"నేనుండగానా!" అంది వదిన.