ఖాళీ చోట నొక్కిన బటన్

కోవిడ్ తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది, జూన్ నెలాఖర్లో, నేను మేడ్చల్‌లోని ఒక ప్రైవేటు వినికిడి కేంద్రంలో సీనియర్ ఆడియాలజిస్టును. బౌరంపేట్ వైపు ఒక బడి తన బస్సు డ్రైవర్లను మా దగ్గరికి పంపింది. చెవులతో పాటు మానసిక ఒత్తిడినీ చూడమని కోరింది.

ఒత్తిడికి మేం వాడిన పరీక్ష చూడ్డానికి తేలిక. బయటి చప్పుడు రాని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని హోరు మధ్య అప్పుడప్పుడు చిన్న బీప్ వినిపిస్తాం. వినపడితే బటన్ నొక్కాలి. కొన్ని చోట్లు కావాలనే ఖాళీగా వదులుతాం. మనసు మీద బరువున్నవాళ్లు ఉన్న బీప్‌ను వదిలేయవచ్చు, లేనిదాన్ని విని నొక్కవచ్చు. రక్తపోటులా కచ్చితమైన కొలత కాదిది, ఒక సూచన మాత్రమే. కారణం చెప్పదు.

సూరారం నుంచి వచ్చిన యాదగిరికి మామూలు వినికిడి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. రెండో పరీక్షలో మాత్రం ఖాళీ చోట్ల పదేపదే నొక్కాడు. డ్రైవర్ల వెంట వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి అద్దంలోంచి చూసి నవ్వాడు. "గీయనకు లేని హారన్లు గూడ ఇనవడ్తున్నయి సార్. అన్‌ఫిట్ అని రాయుండ్రి, ఇంకొకన్ని తోల్కొస్త."

ఆయన్ని బయట కూర్చోమని, నొక్కినప్పుడల్లా ఏం వినపడిందని యాదగిరిని అడిగాను.

"ఫోన్ మోగినట్టయితాంది సార్."

అతని ఫోన్ నా బల్ల మీదే ఉంది, మోగలేదు. పొద్దున అతని తమ్ముడు పనిచేసే చోట పైనుంచి పడ్డాడట. సరిగ్గా అప్పుడే ఆపరేషన్ జరుగుతోందని, ఆస్పత్రి నుంచి ఫోన్ కోసం చూస్తున్నానని చెప్పాడు. మరి ఇక్కడికెందుకు వచ్చారన్నాను.

"రాకుంటే నౌకరి పోతది గద సార్. ఫిట్ అని రాయుండ్రి, మీకు దండం వెడ్త. సాయంత్రం పిలగాండ్లను దింపాలె."

అలా రాస్తే, మోగని ఫోన్ వింటున్న మనిషి చేతికి పిల్లల బస్సు ఇచ్చినట్టే. అన్‌ఫిట్ అంటే అతని బతుకుదెరువు పోతుంది. నివేదికలో ఆ రెండు గళ్లే ఉన్నాయి. రెండూ వదిలేసి కింద రాశాను: వినికిడి బాగుంది, తాత్కాలిక కారణం వల్ల ఈరోజు బండి నడపకూడదు, వారం తర్వాత మళ్లీ పరీక్షించి నిర్ణయం చెప్తాం.

ఇన్‌చార్జి విసుక్కున్నాడు. "గిట్ల రాస్తే సాయంత్రం బస్సు ఎవలు తోలాలె సార్, నేను తోలాల్నా?"

హెవీ లైసెన్సు ఉంటే మీరే తోలండి అన్నాను. ఉంది. ఆ సాయంత్రం ఆయనే తోలాడు.

యాదగిరి ఫోన్ తీసుకొని ఆస్పత్రికి వెళ్లిపోయాడు. వారం తర్వాత వచ్చాడు. తమ్ముడు కోలుకుంటున్నాడట. ఈసారి ఖాళీ చోట్ల అతని వేలు కదల్లేదు. బస్సు మళ్లీ అతనికే ఇచ్చారు.

రిటైరయ్యేదాకా నేను పాటించింది ఒకటే. ఇలాంటి పరీక్ష ఆ రోజు మనిషిని చూపిస్తుంది. ఆ ఒక్క రోజును అతని ఉద్యోగమంతటికీ అంటగట్టకూడదు. జాలిపడి ఆ రోజును లెక్కలోంచి తీసేయనూ కూడదు.