పిట్టల కోసం దాచిన టేపు

ఐటీఐ చదివిన కుర్మయ్య మొదట చేరింది పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేసే సైన్సు కేంద్రంలో. యంత్రాలు మోసుకుపోయిన బెలూను ఏ చేలోనో దిగితే జీపులో వెంటపడి వెతికి తేవడం ఆయన పని. ఒక ఊళ్లోనైతే ఆయన చేరేసరికే దానికి కొబ్బరికాయ కొట్టేశారు! తర్వాత నక్షత్రాలు చూసే టెలిస్కోపు దగ్గర మోటార్లకు గ్రీజు పెట్టాడు. చివరి ఇరవై ఏళ్లు రేడియో స్టేషన్‌లో టేపులు తిప్పాడు. 2008లో, శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడే, రిటైరయ్యాడు. మరుసటేడు భార్య అనంతమ్మ జ్వరంతో పోయింది.

పోయాక గాని తెలియలేదు, ఇంట్లో ఆమె ఫొటోలు నాలుగున్నాయి గాని గొంతు లేదని. ఎంతమంది గొంతులు టేపు మీద పట్టాడో, ఇంట్లో మనిషి గొంతే ఆయన దగ్గర లేదు.

నిజానికి అనంతమ్మ ఒకసారి రేడియోలో పాడింది. 1999లో, పక్కింటి లింగమ్మతో, ఇంకో నలుగురితో కలిసి నాట్లపాట. అద్దపు గోడకు ఇవతల మిషను దగ్గర కూర్చున్నది కుర్మయ్యే. గొంతు పెరిగితే మీటరులో సూది ఎర్రగీత దాటుతుంది. దాన్ని దాటనివ్వకుండా చూసుకోవడంలోనే పాట అయిపోయింది.

"ఎట్ల పాడిన?" అని బస్సులో అడిగింది అనంతమ్మ.

"సూది ఒక్కపారి గూడ ఎర్రగీత దాటలే" అన్నాడు.

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ పాట ఉన్న టేపు మీదే తర్వాత ఇంకేదో రికార్డు చేసేశారు. స్టేషన్‌లో అది మామూలే. అయితే 2012 వానాకాలంలో ఇంట్లో అటక దులుపుతుంటే తేదీ రాసిన ఓ సంచి దొరికింది. అనంతమ్మ పాడిన రోజు పాటలో తప్పిన చోట్లు, దగ్గులు బ్లేడుతో కోసి తీసేసిన టేపు. అలాంటి టేపు ఇంటికి తెచ్చి తమ జొన్నచేను మీద కడితే గాలికి జుయ్యిమని మోగేది, పిట్టలు వాలేవి కావు. ఈ సంచి విప్పేలోపే చేను విమానాశ్రయం కిందికి పోయింది.

టేపుంది, వినడానికి మిషను లేదు. ఆరాంఘర్‌లో ఉండే పాత తోటి ఉద్యోగి ముత్తయ్య ఇంట్లో చెడిపోయినదొకటి ఉంటే కుర్మయ్య వెళ్లి ఆటోలో వేసుకొచ్చాడు. తెగిన బెల్టుకు బదులు సైకిల్ ట్యూబు కోసి తొడిగాడు. లింగమ్మ రోజూ వచ్చి గడపలో కూర్చునేది.

"ఏందన్నా, నెల దినాలాయె. గా డబ్బ మాట్లాడుతదా లేదా?"

"మాట్లాడకుంటె నా నౌకరి అంత దండుగనే, లింగమ్మా."

"జర జల్ది కానీయ్. వదిన గొంతు ఇనక నాకు సుత తోస్తలేదు."

ముక్కలన్నీ అతికించాక, నెత్తి మీది విమానం పోయేదాకా ఆగి, కుర్మయ్య మీట నొక్కాడు. గరగర. ఎవరిదో దగ్గు. ఎత్తుకుని ఆగిపోయిన పాట. ఆ తర్వాత అనంతమ్మ, పక్కనే నిలబడినట్టు:

"జర ఆగుండ్రే! అద్దంలకెల్లి మా ఆయనను ఇటు సూడుమనుండ్రి. నేను పాడుతుంటె సూదినే సూస్తుండు."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అంతటితో టేపు అయిపోయింది.

"గా నవ్వు నాదే అన్నా!" అంది లింగమ్మ. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాటకు పనికిరాని మాట అని ఆ రోజు కోసేసింది ఆయనే.

కుర్మయ్య టేపును వెనక్కి తిప్పాడు. ఈ మిషనుకూ ఒక మీటరుంది. భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పి, మళ్లీ మీట నొక్కాడు.