మేస్త్రి వేళ్ళు, ఆవిడ దగ్గు

సైకిల్ మేస్త్రి భార్యకు పొద్దస్తమానం దగ్గేనని వీధిలో అందరూ జాలిపడేవాళ్ళు. మందుల షాపాయన ఊరికే ఉండలేక ఓ సిరప్ సీసా కూడా పంపించాడు. ఆవిడకు జలుబూ లేదు, దగ్గూ లేదు. ఆ దగ్గు వెనక సంగతి మొగుడికీ పెళ్ళానికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

సంగతేమిటంటే, మెడ దగ్గర నరం నొక్కుకుపోయి మేస్త్రి కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. డాక్టరు కొన్నాళ్ళు మందులు వాడమన్నాడు. చూడ్డానికి చెయ్యి నిక్షేపంలా ఉంటుంది. పానా తిప్పుతుంది, సుత్తి కొడుతుంది. వేళ్ళ చివర స్పర్శ మాత్రం లేదు. పంక్చర్ వెయ్యడానికి అదేమంత అడ్డం కాదు గానీ, చక్రం మధ్యలో హబ్ విప్పి అరిగిన బేరింగులు మార్చాలంటే వేళ్ళే దిక్కు. కొత్త ఇనపగుండ్లు పేర్చి, ఇరుసు మీద కోన్ అనే మరబిళ్ళ బిగించేటప్పుడు, గుండ్లు నలగకుండా, అలాగని చక్రం వదులుగా ఊగకుండా, మధ్యలో వెంట్రుకవాసి చోటుంటుంది. అది కంటికి కనబడదు, వేలికి తెలియాల్సిందే.

"ఈ సంగతి బయటపడితే మన దుకాణానికి తాళమే," అన్నాడాయన. అంతవరకూ దుకాణం వెనక గదిలో వంటా బట్టలూ చూసుకున్న మనిషి, ఓ ముక్కాలిపీట లాక్కుని ఆయన పక్కన వచ్చి కూర్చుంది. చక్రం పట్టుకున్నట్టు నటిస్తూ ఇరుసు అవతలి కొనను రెండు వేళ్ళతో తిప్పేది. గరగరమంటే బిగువు, లటలటలాడితే వదులు. సరిగ్గా కుదిరిందనిపించగానే చిన్నగా దగ్గేది. ఆయన చెయ్యి ఆగిపోయేది. మొదట్లో తప్పులు పోయినా, చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ వేళ్ళు ఆరితేరాయి. కొలత లేకుండా ఉప్పు వేసే చేతికి ఇదో లెక్కా అని మేస్త్రి మురిసిపోయేవాడు.

అలా బండి నడుస్తుండగా ఒక మధ్యాహ్నం రొట్టెలతను వచ్చాడు. వెనకాల పెద్ద రేకు పెట్టె కట్టుకుని, కొండవాలు రోడ్డు దిగి కింది బస్తీకి రొట్టెలు వేసే మనిషి. గడ్డానికి కుట్లు, మోచేతికి కట్టు. ఇంకెక్కడో బేరింగులు వేయించుకుంటే, మరీ బిగించేసి ఇచ్చారట. వాలు మధ్యలో గుండ్లు పగిలి, వెనక చక్రం బిగుసుకుపోయి, మనిషీ పెట్టే చెరో వైపు ఎగిరిపడ్డారు.

"బాబాయ్, ఈసారి నా కళ్ళెదుటే చెయ్యి. నేనిక్కణ్ణుంచి కదిలేది లేదు," అన్నాడు.

"వెళ్ళి టీ తాగి రా బాబూ, ఈలోగా అయిపోతుంది," అంది ఆవిడ, మామూలుగా అందరినీ సాగనంపే మాటే.

"టీ లేదు, గీ లేదు పిన్నీ. నువ్వు లే. చక్రం నేను పట్టుకుంటా."

"నీ చేతులకు గ్రీజవుతుంది."

"గ్రీజుదేముంది, కడిగితే పోతుంది. ప్రాణం పోతే వస్తుందా?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆవిడ లేచి పక్కన నిలబడింది.

మేస్త్రి పాత గుండ్లు రాల్చాడు. కొన్ని పగిలి ఉన్నాయి. అరిగిన కోన్లు తీసి అవతల పారేశాడు. గుండ్లు కూర్చునే కప్పులు కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పూసి, కొత్త గుండ్లు ఒక్కొక్కటే పేర్చాడు. ఇరుసు దూర్చి కొత్త కోన్ తిప్పడం మొదలుపెట్టాడు. రొట్టెలతను చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

ఆవిడ కంటితోనే అందుకోవాలని చూసింది. ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు. దగ్గింది.

ఆయన చెయ్యి ఆగలేదు.

మళ్ళీ దగ్గింది, ఈసారి గట్టిగా.

"పిన్నీ, కాసిని నీళ్ళు తాగు," అన్నాడు రొట్టెలతను.

మేస్త్రి కోన్ను ఇంకాస్త తిప్పాడు, రవ్వంత వెనక్కి తీశాడు, లాక్‌నట్టు పట్టించాడు. పరాయివాడి ముందు పెళ్ళాం దగ్గుకు ఆగడం నామోషీ అనుకున్నాడా? పౌరుషానికి పోయి ఒకడి ప్రాణం తీస్తాడా? చెబితే ఇన్నేళ్ళ దుకాణం ఈ పూటతో సరి, మొగుడు వీధిలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే ఈ మనిషి ఇదే చక్రంతో, వెనకాల బరువుతో ఆ వాలు దిగుతాడు.

"అయిపోయింది," అన్నాడు మేస్త్రి. చక్రాన్ని ఫ్రేములో పెట్టబోయాడు.

"ఆగండి!"

ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "బాబూ, ఆ చక్రం ఎక్కించుకోకు. ఆయన వేళ్ళకు స్పర్శ లేదు. ఇన్నాళ్ళూ బిగువు చూస్తున్నది నేను."

రొట్టెలతను మేస్త్రి వేళ్ళ వైపు చూశాడు. మేస్త్రి చక్రాన్ని ఆవిడ చేతికిచ్చి పక్కకు తిరిగాడు.

ఆవిడ రెండు వేళ్ళతో ఇరుసు తిప్పింది. గరగర లేదు. అటూ ఇటూ కదిపి చూసింది. ఊగులాట లేదు. మళ్ళీ తిప్పింది. నెయ్యిలో తిరిగినట్టు తిరిగింది. తాను దగ్గిన చోట ఆపి ఉంటే వదులుగా ఉండిపోయేది.

"ఏంటి పిన్నీ?" అన్నాడతను.

"బాగానే ఉంది," అంది.

"మరి స్పర్శ లేదన్నావు?"

"మీ పిన్నికి అన్నిటికీ భయమేలే. నువ్వు పద," అన్నాడు మేస్త్రి. చక్రం ఎక్కించి, చైను వేసి, నట్లు బిగించి ఇచ్చాడు. రొట్టెలతను ఇద్దరినీ అనుమానంగా చూసుకుంటూనే వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, ఆవిడ మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది. స్పర్శ కొద్దికొద్దిగా వచ్చేసింది."

"మరి చెప్పరేం? ఇవాళ నా ప్రాణాలు తోడేశారు కదా! వాడి ముందు మీ పరువు నా నోటితో నేనే తీశాను కదా!"

"చెబితే నువ్వు లోపలికెళ్ళిపోతావు," అన్నాడాయన నేల చూస్తూ. "పక్కనెవరూ లేకపోతే నాకు పొద్దు పోదు."

ఆవిడకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెనకే, ఇన్నాళ్ళుగా మనసులో ఓ మూల నొక్కిపెట్టిన మాట ఒకటి పైకొచ్చింది. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది. ముక్కాలిపీట మీద కూలబడింది.

"నేనూ ఒకటి చెప్పాలి. డాక్టరు చూసిన ప్రతిసారీ, ఈ చెయ్యి అప్పుడే బాగవకూడదని కోరుకున్నాను."

ఆయన తన కుడిచెయ్యి ఒకసారి మూసి తెరిచి చూసుకున్నాడు.

"ఓసి పాపిష్టిదానా," అని నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా గ్రీజైంది.