మేనత్త ఇంట్లో మట్టి కప్పు

అమ్మకి రొమ్ము క్యాన్సరు వచ్చాక, కద్మా కాలనీలో మా మేనత్త ఇంట్లో జరిగే శుక్రవారం ప్రార్థన కూటంలో అందరికీ పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చేవారు. అమ్మకి మాత్రం మట్టి కప్పు.

"వైరస్సంట, అంటుకుంటాది. తాగేసి పెరట్లో పారెయ్ వదినా," అనేది అత్త.

"స్తోత్రం" అని అమ్మ తాగేది. నన్ను బడికి పంపకుండా బైబిలు ముందు కూర్చోబెట్టి చదువు నేర్పిన మనిషి ఆమె. అందుకు రోజూ దేవునికి వందనాలు చెప్పుకుంటాను. ఆమె పోయాక అత్త, "ఆళ్ళ పుట్టింటి రగతమే మంచిది కాదు" అని కాలనీ అంతా చాటింది.

కొన్నేళ్ళకి నాకూ రొమ్ములో గడ్డ వచ్చింది. నానమ్మ కడుపులో గడ్డతో పోయిందని తెలిసి, డాక్టరమ్మ నా రక్తమూ నాన్న రక్తమూ బొంబాయి పంపించింది. సోమవారం కాగితాలు వచ్చాయి. ఒకే జన్యులోపం ఇద్దరిలోనూ ఉంది.

"మీ అమ్మగారికి ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్పలేం. మీకొచ్చింది మాత్రం నాన్నవైపు నుంచే. మీ అత్తగారూ, ఆవిడ కూతురూ పరీక్ష చేయించుకోవాలి," అంది డాక్టరమ్మ.

వైరసు సంగతి అడిగాను.

"సంబంధం ఉందేమోనని వెతుకుతున్నారు, తేలలేదు. కప్పుల వల్లయితే రాదు."

ఆ రోజే అత్తకి ఫోను చేయొచ్చు. చెయ్యలేదు. శుక్రవారం దాకా ఆగాను. ఆ నాలుగు రోజులూ నాకు హాయిగా నిద్ర పట్టింది.

కూటానికి వెళ్తూ టీ కొట్లో ఒక మట్టి కప్పు అడిగి తీసుకున్నాను. సాక్ష్యం చెప్పే సమయానికి లేచి, నన్ను బతికించినందుకు ప్రభువుకి వందనాలు చెప్పాను. ఈ జబ్బు మా నానమ్మ రక్తంలోనిదని తెలియజేసినందుకు మరీ మరీ చెప్పాను.

"ఏటే, అందరి ముందూ ఏటా మాటలు?" అంది అత్త.

ఆమె కూతురు తలెత్తింది. "మమ్మీ, నానీ కో క్యా హువా థా?" అని అడిగింది, అమ్మమ్మకి ఏమైందని.

కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టాను. చదివి, "సోమ్‌వార్ కో మైఁ భీ చలూఁగీ, దీదీ," అంది, సోమవారం డాక్టరమ్మ దగ్గరికి తనూ నాతో వస్తానని.

టీ వచ్చింది. అత్తకి మట్టి కప్పులో పోసి ఇచ్చాను.

"నాకిందులో ఎందుకే?"

"తాగేసి పెరట్లో పారెయ్ అత్తా."

అందరూ చూస్తుండగా తాగింది. పెరట్లో కప్పు పగిలిన చప్పుడు వినబడింది.

"స్తోత్రం," అన్నాను, అమ్మలాగే.